సుగ్గికి పోయిన ఆటగాడు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేనొక తప్పు లెక్క పట్టుకుని బతికాను. ఫుట్‌బాల్ కోచ్ జీవితమంటే అతను ఎక్కిన మెట్లే అనుకున్నాను. మొదట కాలేజీ జట్టు, ఆపైన యూనివర్సిటీ జట్టు, ఆపైన రాష్ట్రం, ఆపైన దేశం. ఏ వయసుకి ఎక్కడికి చేరాడు, ఎన్ని కప్పులు తెచ్చాడు, అంతే. ఆదోని, ఎమ్మిగనూరు వైపు కాలేజీల్లో ఫిజికల్ డైరెక్టరుగా, అంటే పీడీగా, చేసి రిటైరైన మనిషిని నేను. ఆ మెట్లు ఎక్కలేకపోయానన్న బాధ ఎప్పుడో తీరిపోయింది. తీరనిది వేరే ఉంది. నేను మెట్ల వైపు చూస్తూ ఉండగా, నా ఎదుట నిలబడిన పిల్లల్ని చూడలేదు. ఆ మూర్ఖత్వం వల్ల నష్టపోయింది నేను కాదు, వాళ్లు. అందుకే ఇది రాసుకుంటున్నాను.

ఆ లెక్క నాకు గాలిలోంచి రాలేదు. ఒక గొప్ప జీవితాన్ని తప్పుగా చదవడం వల్ల వచ్చింది. ఆ జీవితం సయ్యద్ అబ్దుల్ రహీం గారిది. హైదరాబాద్ ఆటగాళ్లు రహీం సాబ్ అంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పీడీ గదిలో బంతులూ నెట్‌లూ పెట్టుకునే ఇనుప బీరువా తలుపు లోపలి వైపు, ఆయన సంవత్సరాలన్నీ ఒక కాగితం మీద రాసి అంటించుకున్నాను.

1950: హైదరాబాద్ నగర పోలీసు జట్టుకి కోచ్. ఆ ఏడాదే డ్యూరాండ్ కప్‌లో మోహన్ బగాన్ మీద గెలుపు. ఆ ఏడాదే బొంబాయిలో రోవర్స్ కప్ కూడా. 1954 దాకా వరుసగా ఐదేళ్లూ రోవర్స్ కప్ ఆ జట్టుదే. 1951: భారత జట్టు కోచ్‌గా ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు. ఫైనల్లో ఇరాన్ మీద సాహూ మేవాలాల్ కొట్టిన ఒకే ఒక్క గోల్, భారతదేశానికి బంగారు పతకం. 1956: మెల్‌బోర్న్ ఒలింపిక్స్. ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీఫైనల్‌కి చేరాం. అందులో నెవిల్ డిసౌజావే మూడు గోల్స్. ఆసియా నుంచి అంతకు ముందు ఏ జట్టూ అంత దూరం పోలేదు. చివరికి నాలుగో స్థానం. 1960: రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో 1-1. 1962 సెప్టెంబర్ 4: జకార్తాలో దక్షిణ కొరియా మీద 2-1, మళ్లీ ఆసియా బంగారం. అప్పటికే ఆయన క్యాన్సర్‌తో ఉన్నారు. 1963 జూన్ 11న పోయారు. వయసు 53.

ఆ కాగితంలో ఎడమ పక్క ఆయన సంవత్సరాలు. కుడి పక్క ఖాళీగా వదిలి నా సంవత్సరాల కోసం గీతలు గీసుకున్నాను. ముప్పయ్యో ఏట యూనివర్సిటీ జట్టు, ముప్పయ్యైదుకి రాష్ట్ర జూనియర్లు, ఇట్లా. అప్పట్లో మా కాలేజీలు అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ కింద ఉండేవి. 2008లో కర్నూలులో రాయలసీమ యూనివర్సిటీ వచ్చేదాకా ఇంటర్ కాలేజియేట్ పోటీలన్నీ ఆ యూనివర్సిటీవే. అక్కడ ఒకసారి కప్పు కొడితే చాలు, తక్కినవన్నీ వాటంతటవే వస్తాయని నమ్మాను.

ఆ కాగితంలో లేనిదేమిటో ఎన్నో ఏళ్లు నా కంటికి ఆనలేదు. రహీం సాబ్ పుట్టింది 1909లో. నా కాగితం 1950లో మొదలవుతుంది. మధ్యలో నలభై ఏళ్లు ఏమయ్యాయి? ఉస్మానియాలో చదువుకుని బడిపంతులయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూల్లో చెప్పారు, దారుల్ ఉలూంలో చెప్పారు, చాదర్‌ఘాట్ హైస్కూల్లో చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, బడిలో ఆటల బాధ్యత తీసుకున్నారు. క్లబ్బుల్లో తానూ ఆడారు. 1940లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి పని నెత్తిన వేసుకుని, చివరిదాకా మోశారు. మ్యాచ్‌లు పెట్టడం, గ్రౌండ్లు దొరికించుకోవడం, బస్తీ క్లబ్బుల తగాదాలు తీర్చడం, పిల్లల పోటీలు నడపడం, ఇవన్నీ ఆ పనిలో భాగం. డ్రిబ్లింగ్ చెయ్యకూడదని నియమం పెట్టి ఒక పోటీ, బలంలేని కాలితోనే ఆడాలని ఇంకో పోటీ నడిపేవారు. కుడికాలి వాటం పిల్లోడు ఎడమకాలితోనే ఆడుతూ మ్యాచ్ ముగించాలి. ఆ పోటీల్లో గెలుపోటములు ఎవరికీ గుర్తుండవు. ఆ పిల్లోడికి మాత్రం రెండో కాలు వస్తుంది.

ఆ నలభై ఏళ్లని నేను ఎదురుచూపుల కాలం అనుకున్నాను. గొప్పవాడు కాబోయే మనిషి అప్పటిదాకా బడిలో గడిపిన రోజులు, అంతే అనుకున్నాను. కాబట్టి నా పీడీ ఉద్యోగాన్ని కూడా అట్లాగే చూశాను. ఇది అసలు పని కాదు, అసలు పనికి పిలుపు వచ్చేదాకా కూర్చునే చోటు. ఆ చూపుతో పిల్లలకి పాఠం చెప్పేవాడు ఎట్లా ఉంటాడో చెప్పనక్కర్లేదు. నేను వాళ్లకి నేర్పలేదు, వాళ్లని వడగట్టాను. ఎత్తుగా, కండపట్టి ఉన్నవాళ్లని ఏరి పక్కన పెట్టుకోవడం, పొట్టివాళ్లని అథ్లెటిక్స్‌కో ఖోఖోకో పంపెయ్యడం, దాన్నే ఎంపిక అనుకున్నాను. బలంలేని కాలి పోటీ గురించి అప్పటికే చదివాను. చదివి మెచ్చుకున్నాను కూడా. మా గ్రౌండ్లో ఒక్కసారైనా పెట్టి చూద్దామని తోచలేదు. దాంట్లో కప్పు లేదు కదా.

మా వైపు నేల నల్లరేగడి. వాన పడితే బురద పాదానికి ముద్దలుగా అంటుకుంటుంది, ఎండితే బీటలు వారుతుంది, బంతి ఏ బీటలో తగిలి ఎటు లేస్తుందో చెప్పలేం. ఆదోని మున్సిపల్ హైస్కూల్ గ్రౌండ్లోనూ, ఎమ్మిగనూరు వీవర్స్ కాలనీ గ్రౌండ్లోనూ ఆటలు ఆడించిన నాకు ఇది బాగా తెలుసు. క్రికెట్, కబడ్డీ, వాలీబాల్ తర్వాతే మా దగ్గర ఫుట్‌బాల్. ఈ ఆటకి వచ్చే పిల్లలే తక్కువ. వచ్చిన కొద్దిమందిని కూడా నిలుపుకోవాల్సింది పోయి, వాళ్లకే గేట్లు కట్టాను.

మొదటి గేటు బూట్లు. దానికీ రహీం సాబ్ జీవితాన్నే సాక్ష్యంగా తెచ్చుకున్నాను. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనని 10-1తో ఓడించింది. మన ఆటగాళ్లు చాలామంది వట్టికాళ్లతో ఆడారు. ఆ చలిలో, ఆ తడి గడ్డి మీద కాళ్లు నిలవలేదు. మన ఒక్క గోల్ అహ్మద్ ఖాన్ కొట్టాడు. ఆ ఓటమి తర్వాతే బూట్లు తప్పనిసరి అని భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ నిర్ణయించింది. నేను ఈ కథని ప్రతి ఏడాదీ కొత్త పిల్లలకి చెప్పేవాణ్ణి. చెప్పి, "కాబట్టి బూట్లు లేనివాళ్లు రేపట్నుంచి రావొద్దు" అని ముగించేవాణ్ణి.

హెల్సింకీ నుంచి తిరిగొచ్చిన కోచ్ రహీం సాబ్ ఏం చేశారన్నది ఆ కథలో అసలు ముక్క. ఓటమిని ఆటగాళ్ల మీద తొయ్యకుండా ఆయన తన పద్ధతినే మార్చుకున్నారు. రెండు బ్యాక్‌ల పాత ఆట విడిచి మూడు బ్యాక్‌ల ఆటకి జట్టుని తెచ్చారు. నాలుగేళ్లకి అదే యుగోస్లావియా మీద మెల్‌బోర్న్ సెమీఫైనల్లో మొదటి గోల్ మనదే. చివరికి 4-1తో ఓడినా, 10-1కీ దానికీ మధ్య ఉన్న దూరం ఆ నాలుగేళ్ల చదువు. బూట్ల నియమం ఆటగాళ్లకి వర్తించింది. పద్ధతి మార్పు కోచ్‌కి వర్తించింది. నేను మొదటిది మాత్రమే నేర్చుకున్నాను. జట్టు ఓడిన ప్రతిసారీ పిల్లల్ని మార్చాను తప్ప, నేను మారలేదు.

రెండో గేటు హాజరు. ఆ గేటు దగ్గర జరిగిందే నాకు ఇప్పటికీ నిద్రపట్టనివ్వదు.

మా కర్నూలు పడమటి మండలాల సంగతి తెలియనివాళ్లకి కొంచెం చెప్పాలి. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద, ఇట్లాంటి చోట్ల సేద్యమంతా వాన మీద. తుంగభద్ర దిగువ కాలువ ఉంది, మేము ఎల్లెల్సీ అంటాం, చివరి పొలాలకి నీళ్లు అందడం గగనం. ఖరీఫ్ పంట ఇంటికొచ్చినా రాకపోయినా, దసరా దీపావళి దాటాక ఇళ్లకి తాళాలు పడతాయి. పిల్లాజెల్లా ముసలీముతకా లారీలెక్కి గుంటూరు వైపు పత్తి తియ్యడానికి, ఆ తర్వాత మిరపకోతలకి పోతారు. తిరిగొచ్చేది ఉగాదికి. దీన్నే సుగ్గికి పోవడం అంటారు. చాలా ఇళ్లలో మేస్త్రీ దగ్గర మనిషికింత అని ముందే అడ్వాన్సు తీసుకుని ఉంటారు. కాబట్టి ఇంట్లో ఒక్క మనిషి ఆగిపోయినా ఆ అప్పు మీద పడుతుంది.

మా ఇంటర్ కాలేజియేట్ పోటీలు సరిగ్గా అదే కాలంలో వచ్చేవి. నవంబరు, డిసెంబరు.

కోసిగి వైపు ఊరి నుంచి డిగ్రీకి వచ్చిన ఒక పిల్లోడు ఉండేవాడు. పేరు రాయను. ఎడమకాలి వాటం. ఎడమ అంచు మీద బంతి పట్టుకుని పరుగెత్తితే ఆ బీటల నేల మీద కూడా బంతి వాడి పాదం విడిచేది కాదు. ఎత్తు తక్కువని మొదట పక్కన పెట్టాను. ఆట చూశాక తీసుకోక తప్పలేదు. జులై నుంచి దసరా దాకా ఒక్కరోజు మానలేదు. దీపావళి తర్వాత కనిపించడం మానేశాడు. కబురు చేస్తే ఇంటికి తాళం అన్నారు. నేను జాబితాలో వాడి పేరు కొట్టేశాను. పక్కన ఎర్ర సిరాతో "క్రమశిక్షణ లేదు" అని రాశాను.

ఆ ఖాళీలో ఎవర్ని వేశానో కూడా చెప్పాలి. చెప్పకపోతే ఈ స్వగతానికి అర్థం లేదు. పట్నంలో బాగా ఉన్నవాళ్ల పిల్లోణ్ణి వేశాను. వాడి తరఫున ఒక పెద్దమనిషి వచ్చి మాట్లాడాడు. పిల్లోడు మంచివాడే, ఆట అంతంతమాత్రం. కానీ రోజూ వచ్చేవాడు, మోటార్‌సైకిల్ మీద, బూట్లతో. రోజూ వచ్చాడు కాబట్టి క్రమశిక్షణ ఉందని రాసుకున్నాను.

దీని పక్కన ఇంకో సంగతి పెట్టి చూడాలి. రహీం సాబ్ కొడుకు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యుడు. తండ్రి కోచ్. హకీంకి అక్కడ ఒక్క మ్యాచ్‌లో కూడా ఆడే అవకాశం రాలేదు. ఈ సంగతి తెలిసిన రోజున నా ఎర్ర సిరా గుర్తొచ్చింది. క్రమశిక్షణ అన్న మాటని రహీం సాబ్ ఎవరి మీద ప్రయోగించారు, నేను ఎవరి మీద ప్రయోగించాను?

ఉగాదికి ఆ పిల్లోడి తల్లి కాలేజీకి వచ్చింది. గ్రౌండ్ పక్క చెట్టు కింద కొడుకుని నిలబెట్టి, తానొక్కతే నా దగ్గరికి వచ్చింది.

"మావోడి పేరు కొట్టేసినారంట సార్. మేము సుగ్గికి పోతే మాతో వచ్చినాడు. పెద్దపిల్ల పెండ్లికి చేసిన అప్పు ఉండాది. మనిషికింత అని అడ్వాన్సు తీసుకుంటిమి. వాడు రాకపోతే మేస్త్రీ ఒప్పుకోడు సార్" అంది.

నేను అన్నమాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "అట్లయితే ఆటెందుకమ్మా?"

ఆమె ఇంకేమీ అనలేదు. కొడుకుని తీసుకుని వెళ్లిపోయింది. వాడు డిగ్రీ పూర్తి చెయ్యలేదు.

చాలా ఏళ్ల తర్వాత ఎమ్మిగనూరు బస్టాండులో వాడే నన్ను గుర్తుపట్టి పలకరించాడు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. పెళ్లైంది, ఇద్దరు పిల్లలు. అదో ఇదో పని చేసుకుంటున్నాడు. నా గుండె బరువు దించుకుందామని, "ఆ పొద్దు నేను చేసింది తప్పు నాయనా" అన్నాను. వాడు నిజంగా ఆశ్చర్యపోయాడు.

"అదేంది సార్ అట్లంటారు? మీరు చెప్పింది నిజమే గదా. నాకే డిసిప్లీన్ లేకపాయ. ఉండింటే యాడికో పోయుందును."

వాడు నన్ను తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. వాడు నా మాటని నమ్మాడు. నేను ఒక్క నిమిషంలో రాసి పారేసిన రెండు మాటల్ని, వాడు తన గురించి నిజమని ఇన్నేళ్లూ మోశాడు. మండే ఎండలో మిరపచేలో వంగి, అక్క పెళ్లి అప్పు తీర్చిన పిల్లోడికి క్రమశిక్షణ లేదట. గురువు నోటి మాటకి ఎంత బలం ఉంటుందో నాకు ఆరోజు అర్థమైంది. ఆ బలాన్ని నేను వాడికి ఎడమకాలి మాదిరి ఇంకో కాలు తయారు చెయ్యడానికి వాడి ఉండొచ్చు. వాణ్ణి వాడి కళ్లముందే తక్కువ చెయ్యడానికి వాడాను.

ఆ తర్వాతే రహీం సాబ్ కథని మళ్లీ మొదట్నుంచి చదివాను. ఈసారి పతకాలు పక్కన పెట్టి, ఆటగాళ్లు ఆయన దగ్గరికి ఎట్లా చేరారన్నది వెతికాను. అప్పుడు తులసీదాస్ బలరాం కనిపించాడు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ కుర్రాడు, ఇంట్లో లేమి. ఆట చూసి రహీం సాబ్ హైదరాబాద్ జట్టు ఎంపికలకి రమ్మన్నారు. రోజూ అంత దూరం రావడానికి తన దగ్గర డబ్బుల్లేవని కుర్రాడు చెప్పాడు. కోచ్ సైకిల్ అద్దెకి డబ్బులిచ్చారు. ఈ సంగతి బలరాం గారే పెద్దయ్యాక చెప్పుకున్నారు. ఆ కుర్రాడు 1956లో మెల్‌బోర్న్ వెళ్లాడు. 1960లో రోమ్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు, పెరూ మీద గోల్ కొట్టాడు. 1962లో జకార్తాలో బంగారు పతకం మెడలో వేసుకున్నాడు. చూనీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం, ఈ ముగ్గురి పేర్లూ కలిపి చెప్పుకునే కాలం అది.

అదే మాట నాకూ ఒక తల్లి నోట వినిపించింది. రావడానికి వీల్లేకపోయింది సార్ అని. రహీం సాబ్ ఆ మాట విని, అయితే ఎట్లా వస్తావో చూద్దాం అన్న దారి పట్టారు. నేను, అయితే ఆటెందుకు అన్నాను. మా ఇద్దరి వృత్తీ ఒకటే, చదివిన చదువూ ఇంచుమించు ఒకటే. ఆయనకి దొరికిన పిల్లల కంటే నా పిల్లోడు ఏమంత తక్కువవాడు కాదు. తేడా అంతా ఆ ఒక్క జవాబులో ఉంది.

నగర పోలీసు జట్టు ఐదేళ్లు వరుసగా రోవర్స్ కప్ ఎట్లా గెలిచిందన్నది కూడా అప్పుడే కొత్తగా కనిపించింది. వ్యూహాలు ఉన్నాయి, సాధన ఉంది, ఒక్క టచ్‌లో బంతిని పంపే అలవాటు ఉంది. వాటన్నిటి కింద ఉద్యోగం ఉంది. ఆ ఆటగాళ్లు పోలీసు శాఖలో జీతగాళ్లు. నెల తిరిగేసరికి ఇంట్లో జీతం డబ్బు ఉండేది. పొద్దున్నే గ్రౌండ్‌కి వచ్చేవాడికి ఇంట్లో పొయ్యి సంగతి బెంగ ఉండేది కాదు. పూట గడిచే ఏర్పాటు ముందు, ఆట తర్వాత.

ఇది అర్థం చేసుకోవడానికి నేను హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టారు. చేనేతలకి నూలు అందే దారి, నేసిన బట్ట అమ్ముడుపోయే దారి చూపెట్టారు. ఇళ్ల కాలనీ వచ్చింది. ఎమ్మిగనూరు బట్టకి పేరొచ్చింది, ఆయనకి 1954లో పద్మశ్రీ వచ్చింది. ముందు నూలు సంగతి చూసి, ఆ తర్వాత మంచి నేత అడిగారు. ఆ కాలనీ పేరున్న గ్రౌండ్‌లోనే నేను నూలివ్వకుండా బట్ట అడిగాను. కళ్లెదుట ఉన్న పాఠం అది.

నాకు పోలీసు శాఖ లేదు, సంఘమూ లేదు, నిజమే. నేనేం చెయ్యగలిగేవాణ్ణి అని చాలాకాలం నాకు నేనే వాదించుకున్నాను. ఇప్పుడు వాదించను, ఎందుకంటే చెయ్యగలిగినవి ఒక్కొక్కటీ నాకు తెలుసు. సంక్షేమ హాస్టల్ వార్డెన్‌తో మాట్లాడి వాడికి ఆ నెలలు చోటు ఇప్పించి ఉండొచ్చు. ఊళ్లో పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని మేస్త్రీతో మాట్లాడి, ఒక్క మనిషి అడ్వాన్సు వచ్చే ఏడాదికి వాయిదా వేయించి ఉండొచ్చు. పత్తి మార్కెట్‌లో దయగల వ్యాపారులు లేకపోలేదు, ఆ కాస్త మొత్తం అడిగితే కాదనేవాళ్లు కాదు. ఇవేవీ కుదరకపోయినా, ఉగాదికి తిరిగొచ్చిన పిల్లోడితో "వచ్చే ఏడు నీ చోటు నీకుంటుంది, పొద్దున్నే రా" అని చెప్పి ఉండొచ్చు. ఆ మాటకి ఏ బడ్జెట్టూ అక్కర్లేదు. వాటిల్లో ఒక్కటి కూడా నాకు తోచకపోవడానికి కారణం, వాడు నా కప్పుకి పనికొస్తాడా లేదా అన్నదే నా ప్రశ్న. వాడి దారికి నేను పనికొస్తానా అన్న ప్రశ్న నాలో లేనేలేదు.

జకార్తా ఫైనల్‌ని ఇప్పుడు వేరే కళ్లతో చూస్తున్నాను. ఆ పోటీలో మొదటి మ్యాచ్‌లో అదే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయాం. థాయ్‌లాండ్‌తో ఆటలో బ్యాక్ జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. రహీం సాబ్ ఆయన్ని సెమీఫైనల్లోనూ ఫైనల్లోనూ సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్లో పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. నిండిన స్టేడియం మన జట్టుకి ఎదురు కేకలు వేస్తున్న రోజు అది. ఒకప్పుడు దీన్ని వ్యూహం గొప్పతనంగా చెప్పేవాణ్ణి. వ్యూహమే, కాదనను. కానీ తలకి కుట్లున్న మనిషి, కోచ్ ముందుకి వెళ్లమంటే వెళ్లి తలతో బంతిని ఎదుర్కోవాలంటే, ఆ కోచ్ అంతకు ముందు అతనికి ఏమై ఉండాలి? ఆ నమ్మకం ఒక్క రాత్రిలో పుట్టదు. సైకిల్ అద్దె ఇచ్చిన చేతుల మీదే అట్లాంటి నమ్మకం పుడుతుంది.

ఆయన పోయాక కూడా ఆ దారి మూసుకుపోలేదు. ఆయన చేతి కింద ఆట నేర్చిన హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ 1970 ఆసియా క్రీడల్లో కంచు పతకం తెచ్చిన జట్టుకి నాయకుడు. తర్వాత తానూ పెద్ద కోచ్ అయ్యారు. పీకే బెనర్జీ కలకత్తాలో ఎందరినో తీర్చిదిద్దారు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో మొదలైంది, అప్పటికి రహీం సాబ్ పోయి ఇరవై రెండేళ్లు. 2024లో ఆయన మీద హిందీలో 'మైదాన్' సినిమా వచ్చాక మా కుర్రాళ్లు నన్ను ఆయన గురించి అడగడం మొదలుపెట్టారు. ఇప్పుడు వాళ్లకి ముందు చాదర్‌ఘాట్ స్కూలు గురించి చెబుతున్నాను, ఆ తర్వాత బలరాం సైకిల్ గురించి. పతకాల సంగతి చివర్న వస్తుంది.

ఇప్పుడు పొద్దున్నే కొంతమంది పిల్లలకి ఆట నేర్పుతున్నాను. ఆడపిల్లలూ వస్తున్నారు. బస్టాండులో కలిసిన నా ఆటగాడి కూతురు వాళ్లలో ఒకతె. ఆ పిల్లదీ ఎడమకాలి వాటమే. బలంలేని కాలితో మాత్రమే ఆడే పోటీలు వారానికొకటి పెడుతున్నాం. కొత్తగా వచ్చిన పిల్లల్ని పరుగు పెట్టమని అడిగేముందు కూర్చోబెట్టి మాట్లాడతాను. ఇంట్లో ఎవరెవరు ఉంటారు? పొద్దున ఏం తిని వచ్చారు? గ్రౌండ్‌కి ఎట్లా వస్తారు? సుగ్గి కాలంలో ఎవరి దగ్గర ఉంటారు? అవ్వ దగ్గరైతే అవ్వతో మాట్లాడతాను, హాస్టలైతే వార్డెన్‌తో మాట్లాడతాను. ఆ ఎడమకాలి పిల్ల నాయన దగ్గరికి పోయి, వాడి గురించి నేను రాసిన మాట తప్పని, తప్పు నాదని, వాడి భార్యాబిడ్డల ముందు మళ్లీ చెప్పి వచ్చాను. ఈసారి వాడు కాదనలేదు. తలవంచుకుని విన్నాడు.

పీడీలుగా కొత్తగా చేరుతున్న పిల్లలు నా దగ్గరికి వచ్చి, ఎన్‌ఐఎస్ కోచింగ్ కోర్సు చేస్తే మంచిదా, ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఎఫ్‌సీ) లైసెన్సులు వరుసగా తీసుకుంటే మంచిదా అని అడుగుతుంటారు. రెండూ మంచివే, చదవండి, ఎంత వీలైతే అంత చదవండి. కానీ మీ ఎదుగుదలని మీ కాగితం మీద వెతుక్కోవద్దు. మీ దగ్గరికి నడిచి రాలేని పిల్లలు ఎంతమంది మీ వల్ల రాగలిగారో చూసుకోండి. రహీం సాబ్ జీవితంలో 1950 తర్వాత కనిపించే గెలుపులన్నీ దాని ఫలితాలే. ఆ పని ఆదోనిలో కూడా చెయ్యొచ్చు, కౌతాళంలో కూడా చెయ్యొచ్చు, ఎవరి పిలుపు కోసమూ ఆగనక్కర్లేదు.

పోటీల తేదీలు వేసే పెద్దలకి నాదొక విన్నపం. కర్నూలు పడమటి మండలాల పిల్లలు ఊళ్లో ఉండేది ఉగాది నుంచి దసరా దాకా. మా కాలేజీల ఫుట్‌బాల్ పోటీలు ఆగస్టులోనో సెప్టెంబరులోనో పెట్టండి. నవంబరులో పెడితే మా జట్లలో మంచి ఆటగాళ్లు గుంటూరు చేలల్లో ఉంటారు, మేము మిగిలినవాళ్లతో ఆడి ఓడిపోయి, తప్పు వాళ్లదని రాసుకుంటాం.